సంపులోకి దించిన దీపం

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు కూడా ఎవరైనా వచ్చి ఫలానా చింతచెట్టు మీద ఏదో ఉందంటే, ఉంటే కోతి ఉంటుందిలే అంటాను.

నా పని బోరు మోటార్లకు వైండింగ్ కట్టడం. కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరులో షాపు. షాపు ముందు టీ తాగే వాళ్ళలో ఒక పెద్దాయన ఉండేవాడు. "కరెంటు మాత్రం కండ్లకు కనపడతాదా? ముట్టుకుంటే కొడతాది గదా. దయ్యమూ అంతేప్పా" అనేవాడు. "కరెంటుకైతే నా జేబులో టెస్టర్ ఉండాది. దయ్యానికి కూడా ఒకటి తెచ్చియ్యి, బల్బు వెలిగితే నమ్ముతా" అనేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్ళు. ఆ పెద్దాయన కూడా నవ్వేవాడు.

అలాంటి నేను ఇది రాస్తున్నాను. చదివి నవ్వుకున్నా ఏమీ అనుకోను.

నా భార్య పేరు పద్మ. కోయిలకుంట్ల దగ్గరి పల్లె వాళ్ళది. సంబంధం చూసేటప్పుడు పిల్ల కొంచెం నెమ్మది, కొంచెం భయస్తురాలు అన్నారు. పెళ్ళిచూపుల్లో ఎవరు మాత్రం పిల్ల గయ్యాళి అని చెబుతారు? నేను పట్టించుకోలేదు.

మొదటి దీపావళికి అత్తగారింటికి పిలిచారు. అప్పటికి వాళ్ళు పల్లె వదిలి కోయిలకుంట్లలోనే ఉంటున్నారు. భక్ష్యాలు పెట్టారు, కొత్త బట్టలు పెట్టారు. కానీ టపాకాయలు లేవు. కాకరపువ్వొత్తి కూడా లేదు. చీకటి పడకముందే గడప దగ్గర రెండు దీపాలు పెట్టి, తలుపులు కిటికీలు బిగించి, టీవీ పెద్దగా పెట్టారు. ఎంగిలిచేత్తో కాకిని తోలని వాళ్ళ ఇంట్లో పడ్డాను రా నాయనా అనుకున్నాను. పద్మ ఆ సాయంత్రమంతా వాళ్ళమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. పండగ పనికి అలిసిపోయిందేమో అనుకున్నాను.

సంగతి మరుసటి ఏడు తెలిసింది. అప్పుడు కర్నూలులో అద్దె ఇంట్లో ఉన్నాం. షాపులో లక్ష్మీపూజ ముగించుకుని నేను వచ్చేసరికి వీధంతా టపాకాయల మోత. తలుపు తీసే ఉంది, ఇంట్లో పద్మ లేదు. చివరికి వంటింట్లో కనపడింది. గ్యాసుబండ పెట్టుకునే అరుగు కింద, బండను బయటికి జరిపి, తాను లోపల దూరి కూర్చుంది. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడటం లేదు. వీధి సద్దుమణిగే దాకా అక్కడే ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను.

తరువాత చెప్పింది. ఆమెకు ఆరేళ్ళప్పుడు ఊర్లో పార్టీ గొడవలు. వాళ్ళ నాయన ఒక వర్గం మనిషితో తిరిగేవాడు. ఒక రోజు మధ్యాహ్నం అవతలి వాళ్ళు వచ్చిపడ్డారు. నాటు బాంబులు వేశారు. ఆ సమయానికి ఇంట్లో ఉన్నది పద్మ, ఆమె నాయనమ్మ. ఆమెను వీళ్ళు జేజి అంటారు. పెరట్లో జొన్నల పాతర ఉంది. జొన్నలు నిలవ చేసుకోవడానికి భూమిలో మనిషి ఎత్తు కంటే లోతుగా తవ్వుకునే గొయ్యి అది. అప్పటికి జొన్నలు తీసేశారు, ఖాళీగా ఉంది. జేజి పద్మను అందులోకి దించి పైన బండ వేసింది.

"నన్ను చీకట్లోకి తోసి మూసేసిందప్పా. నేను అరుస్తాండా. పైన బాంబులు. ప్రతి దానికీ మట్టి నెత్తిన రాలతాండె. మళ్ళా మూత తీసినప్పుడు జేజి లేదు" అంది పద్మ.

జేజి పెరట్లోనే చనిపోయింది. పద్మకు ఆ రోజు గురించి గుర్తున్నదంతా ఆ చీకటి నుంచే మొదలవుతుంది. అంతకు ముందరిది ఏమీ గుర్తు లేదు.

ఆ తరువాత ప్రతి దీపావళికీ నేను ఏదో ఒక ఉపాయం వెతికేవాణ్ణి. చెవుల్లో దూది పెట్టాం. మిక్సీ వేసి పెట్టాం, పప్పు ఏమీ లేకుండానే. ఒక ఏడు పండగ సాయంత్రం బెంగుళూరు బస్సు ఎక్కి కూర్చున్నాం, బస్సు హైవే మీద ఉంటే ఊర్ల మోత తగ్గుతుంది కదా అని. ఇంకో ఏడు గండికోటకు తీసుకుపోయాను. అప్పట్లో అక్కడికి పెద్దగా జనం వచ్చేవాళ్ళు కాదు. పెన్న లోయ అంచున కూర్చున్నాం. ఎంత నిశ్శబ్దం అంటే, పద్మ చాలా రోజుల తరువాత నవ్వింది. అంతలో ఎవరో కుర్రాళ్ళు సరదాకు ఒక బాంబు వెలిగించి లోయలోకి విసిరారు. ఆ శబ్దం ఈ గోడకు కొట్టుకుని ఆ గోడకు, ఆ గోడకు కొట్టుకుని ఈ గోడకు తిరుగుతూనే ఉంది. పద్మ కోటలోని పాత ధాన్యం కొట్టులోకి పరిగెత్తింది. మూలన నక్కిన మనిషిని బయటికి తీసుకురావడానికి తల ప్రాణం తోకకు వచ్చింది.

కర్నూలులో ఒక డాక్టరమ్మకు చూపించాను. ఇది పిరికితనం కాదు, ఆ రోజు ఒంట్లో నిలిచిపోయింది, కోప్పడవద్దు, ఆమె ఎక్కడ కూర్చుంటానంటే అక్కడ కూర్చోనివ్వు అని చెప్పింది. మందులిచ్చింది. నిద్ర పట్టేది. కానీ అక్టోబరు వచ్చి, వీధిలో మొదటి టపాకాయ పేలితే మందు మందే, భయం భయమే.

మా పాప లహరికి ఆరేళ్ళు వచ్చేదాకా ఇలాగే గడిచింది. ఆ ఏడు బడిలో ఎవరిదో పుట్టినరోజు చేస్తుంటే బుడగ పగిలిందట. లహరి బెంచీ కింద దూరి, పైట లేదు కాబట్టి గౌను అంచు నోట్లో పెట్టుకుని కూర్చుందట. టీచరు పిలిపించి చెప్పింది. ఇంటి ముందు ఆటో దిగిన తరువాత పద్మ అంది, "నా భయం దానికి ఇయ్యను. ఈ ఏడు పండగ మనింట్లోనే చేస్తాం. టపాకాయలు తీసుకురాప్పా. నేను ఈడనే కూర్చుంటా, అది కాల్చేది చూస్తా."

వద్దని చెప్పి చూశాను. ఆమె మొండితనం నాకు తెలుసు. అదీకాక ఆ మాటలో న్యాయం ఉంది.

అప్పటికి కల్లూరులో ఇల్లు కట్టుకుని చేరి నెల కూడా కాలేదు. చుట్టూ ఖాళీ స్థలాలు, కంప చెట్లు. ఇంటి వెనక నీళ్ళ సంపు పైకప్పు పోశారు కానీ లోపల దానికి ఆసరాగా కట్టిన సెంట్రింగ్ చెక్కలు ఇంకా విప్పలేదు. పండగ పోయినాక వస్తానని మేస్త్రీ ఊరికి పోయాడు. వానకు కొంచెం నీళ్ళు చేరి చెక్కలు నానుతున్నాయి. పాప పడిపోతుందేమోనని సంపు నోటికి ఒక నాపబండ అడ్డం పెట్టించాను. నేనూ మేస్త్రీ ఇద్దరం పట్టి జరిపాం. ఇది ఎందుకు చెబుతున్నానో తరువాత తెలుస్తుంది.

పండగ సాయంత్రం పద్మ ప్రమిదలు వరసగా పెట్టి నూనె పోసింది. వెలిగించడం మాత్రం ఆమె వల్ల కాలేదు. చేతులు వణికి అగ్గిపుల్లలు ఒకదాని తరువాత ఒకటి ఆరిపోయాయి. నేనే వెలిగించాను. ఆమె మెట్టు మీద కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. లహరి ముందు నా కాలు వదల్లేదు. చిచ్చుబుడ్డి పూలు పోస్తుంటే మెల్లగా వదిలింది. భూచక్రం తిరిగితే చప్పట్లు కొట్టింది. పద్మ ముఖం చెమటతో తడిసిపోయింది, కానీ నవ్వింది. ఈ గండం గడిచింది అనుకున్నాను నేను.

అప్పుడు పక్క వీధి కుర్రాళ్ళు వచ్చి మా ఎదురు ఖాళీ స్థలంలో పొడుగాటి టపాకాయల సరం పరిచారు. దాని చివర పెద్ద బాంబులు కట్టారు. ఆగమని అరుస్తూ పోయాను. నేను చేరేలోపే అంటించారు. అది మొత్తం పేలి ఆగేదాకా ఆ పొగలో నాకు మా ఇల్లు కనపడలేదు. తిరిగి వచ్చేసరికి మెట్టు మీద పద్మ లేదు. లహరి కూడా లేదు.

వంటింట్లో చూశాను. మంచాల కింద, బీరువా వెనక చూశాను. లేరు. పిల్లను తీసుకుని ఎక్కడికి పోయి ఉంటుంది? వెనక తలుపు బార్లా తీసి ఉంది. అది చూడగానే నాకు సంపు గుర్తొచ్చింది. పాతర గుర్తొచ్చింది. జేజి తనను దించినట్టు ఈమె పిల్లను దించుతుంది. ఆ మాట నేను ఆలోచించి అనుకున్నది కాదు, దానంతటదే తోచింది.

మూసిన కొత్త సంపులోకి దిగితే ఏమవుతుందో మోటార్ల పని చేసేవాడిగా నాకు బాగా తెలుసు. చెక్కలు నాని కుళ్ళి లోపలి గాలిని తినేస్తాయి. సెంట్రింగ్ విప్పడానికి దిగి తిరిగి రాని మనుషుల సంగతి మా పనిలో ఉన్నవాళ్ళందరం విన్నాం.

పరిగెత్తాను. సంపు నోటి మీద బండ పక్కకు జరిగి ఉంది. పద్మ అంచున బోర్లా పడుకుని లోపలికి చూస్తోంది. ఎడమ చేత్తో లహరిని నడుము పట్టి అదుముకుంది. కుడి చేతిలో తాడు ఉంది. ఆ తాడు చివర, లోపల, ఒక ప్రమిద వెలుగుతూ కిందికి పోతోంది.

ఉలిక్కిపడి పిల్లను వదిలేస్తుందేమోనని పిలవలేదు. ఇద్దరి తలల మీదుగా చూశాను. దీపం మూరెడు దిగింది, ఇంకో మూరెడు దిగింది. గాలి లేదు, ఊగలేదు. చిన్నదై, నీలంగా మారి, కొండెక్కింది. పద్మ పెదవులు కదిలాయి, మోతలో ఆ మాట నాకు వినపడలేదు.

అక్కడ నాకు వాసన వచ్చింది. సిమెంటు వాసన కాదు, కుళ్ళిన చెక్క వాసన కాదు. నా చిన్నప్పుడు మా తాత వాళ్ళు పాతర తెరిస్తే వచ్చేది, వెచ్చగా, కొంచెం పుల్లగా, జొన్నల వాసన. మా ఊర్లో ఆఖరి పాతర పూడ్చేసి ఎన్నేళ్ళో అయింది.

పద్మ తాడు పైకి లాగింది. పిల్లను ఎత్తుకుని లేచి నా వైపు చూసింది. ఎదురు వీధిలో ఇంకా పేలుతూనే ఉన్నాయి. ఆమె ఒళ్ళు వణకడం లేదు. "దీపం నిలవలే. దించకూడదు" అని మాత్రం అని ఇంట్లోకి పోయి పాపను పక్కలో వేసుకుని పడుకుంది. నేను సంపు మూయడానికి బండ జరపబోయాను. కదల్లేదు. పక్క వీధిలో ఒకాయనను పిలుచుకొచ్చి ఇద్దరం కలిసి జరిపాం.

మరుసటి రోజు అడిగితే పద్మకు సరం పేలడం గుర్తుంది, పిల్లను ఎత్తుకోవడం గుర్తుంది. తరువాత ఒకే ఒక్క మాట గుర్తుంది. వెనక నుంచి ఎవరో, "దీపం దించి చూసినావా మే?" అన్నారట. అంత మోతలో పక్కన కూర్చుని చెప్పినట్టు వినపడిందట. ఆ మాటకు అర్థమేమిటని నన్నే అడిగింది. పాతరలోకి దిగేముందు దీపం దించి చూసే అలవాటు ఉందని ఆమెకు తెలియనే తెలియదు. పాతర పేరెత్తితేనే వణికే మనిషికి అది ఎవరు చెబుతారు?

అలవాటు ఇదీ. పాతర మూత తీయగానే ఎవరూ దిగరు. లోపల గాలి చెడిపోయి ఉంటుంది. ముందు దీపాన్ని తాడుతో దించుతారు. వెలిగితే దిగుతారు, కొండెక్కితే ఆగుతారు. మా తాతల నాటి మాట. సంపుకూ అదే పద్ధతి అని నాకు కూడా ఆ రోజు దాకా తోచలేదు.

లహరిని అడిగాను, బెదరకుండా, చాక్లెట్ చేతిలో పెట్టి. అది చెప్పింది, "అమ్మ నన్ను సంపు కాడ నిలబెట్టె. 'సరే జేజీ' అనె. మళ్ళా 'ఆరిపోయె జేజీ' అనె."

"ఇంకెవరైనా ఉన్నారా అమ్మా?"

"చూల్లేదు. కండ్లు మూసుకోనుంటి."

"దీపానికి తాడు ఎవరు కట్టినారు?"

"అమ్మ కాదు. అమ్మ నన్ను రెండు చేతుల్తో పట్టుకోనుండె."

నేను టెస్టర్ పట్టుకుని తిరిగే మనిషిని. ఒక్కొక్కటే తీసి చూసుకున్నాను. బండ సంగతి, భయంలో మనిషికి ఎక్కడలేని బలం వస్తుంది, ఒప్పుకున్నాను. మాట సంగతి, చిన్నప్పుడు విన్నది మనసు అడుగున ఉండిపోయి అప్పుడు పైకి తేలి ఉండవచ్చు, ఒప్పుకున్నాను. వాసన, సరే, కుళ్ళిన చెక్కే నన్ను మోసం చేసిందనుకుందాం. కానీ ఆ తాడు ఉంది. అగ్గిపుల్ల వెలిగించలేని చేతులు, వెలుగుతున్న ప్రమిదకు, నూనె ఒలకకుండా, ఉట్టి కట్టినట్టు నాలుగు పక్కలా ముడి వేయగలవా? పద్మను కట్టమంటే ప్రయత్నించింది. రాలేదు. నేనూ ప్రయత్నించాను. రాగి తీగలు చుట్టి బతికేవాణ్ణి, నాకూ రాలేదు.

ప్రమిద మెల్లగా బయటికి తీసి, ముడి అలాగే ఉంచి, ఆ తాడు సంచిలో వేసుకుని ఒక్కణ్ణే కోయిలకుంట్లకు పోయాను. మా అత్తకు ఏమీ చెప్పలేదు. తాడు ముందు పెట్టి, ఇది ఎట్లా కడతారో తెలుసా అని మాత్రం అడిగాను.

ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది యాడిది నాయనా? మా అత్త, అదే పద్మ జేజి, కట్టినట్టుండాది. ఆయమ్మది ఎడమచేతి వాటం. ముడి ఇట్లా ఎదురుగా పడతాండె. మేము ఎవరం కట్టినా వచ్చేది కాదు" అంది.

అప్పుడు జరిగిందంతా చెప్పాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, పద్మకు ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పని మాట ఒకటి చెప్పింది.

"ఆ పొద్దు మా అత్త ముందు దీపం దించింది నాయనా. వాళ్ళు వీధి మొగదాల్లో ఉండారు. పక్కింటోళ్ళు గోడ మీంచి అరుస్తాండారంట, పిల్లను పడేసి నువ్వు కూడా దూకు అని. ఆయమ్మ ఇనలే. ఇంట్లోకి పోయి దీపం తెచ్చి, ముడేసి, దించి, అది నిలిచేదాకా చూసింది. నిలిచినాకనే దాన్ని పైకి లాగి పిల్లను దించింది. బండ మూసేటప్పటికి వాళ్ళు పెరట్లోకి వచ్చినారు. ఆ దీపం దించకుండా ఉండింటే ఆయమ్మ బతుకుతాండె."

పద్మకు చెప్పవద్దని బతిమాలింది. తన కోసమే చచ్చిపోయిందని తెలిస్తే బిడ్డ తట్టుకోలేదు అంది. సరేనన్నాను. కానీ ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. మింగలేక కక్కలేక కొన్నాళ్ళు తిరిగాను. ఒకరోజు మధ్యాహ్నం లహరి బడికి పోయిన తరువాత పద్మకు చెప్పేశాను.

ఏమవుతుందోనని భయపడ్డాను. ఆమె ఏడ్చింది, నిజమే. చాలాసేపు ఏడ్చింది. తరువాత ముఖం కడుక్కుని వచ్చి అంది, "అయితే నన్ను తోసేయలేదు. ఇన్నేండ్లూ చీకట్లో పారేసి మూసేసిందనే అనుకుంటి. దీపం నిలిచిందా లేదా చూసి దించింది."

భయం పోయిందా అని అడుగుతారు. పోలేదు. ఇప్పటికీ మొదటి టపాకాయకు ఆమె చేతిలో గ్లాసు ఉంటే కింద పడుతుంది. కానీ అరుగు కింద దూరడం లేదు. మరుసటి దీపావళికి వీధిలో ఇంకా మోత మొదలు కాకముందే, నీళ్ళు నిండిన సంపు మూత మీద తన చేత్తో మొదటి దీపం వెలిగించింది. అగ్గిపుల్లలు నాలుగైదు ఆరిపోయాయి. నేను సాయం పోలేదు. తరువాత వచ్చి మెట్టు మీద కూర్చుని, చెవులు రెండు చేతులతో మూసుకుని, లహరి కాల్చే ప్రతి చిచ్చుబుడ్డినీ చూసింది.

ఆ తాడు ముడి విప్పలేదు. షాపులో టెస్టర్లు పెట్టుకునే సొరుగులోనే పెట్టాను. టీ తాగే పెద్దాయన ఒకసారి అది చూసి, ఇదెవరు కట్టినారప్పా అని అడిగాడు. ఎవరికైనా ఏదో ఒకటి చెప్పి నవ్వించే నేను, ఆ రోజు తెలియదని చెప్పాను. నాకు ఇప్పటికీ తెలియదు.